షిరకవగో వెళ్లాలంటే ముందు రాత్రి పడక చూసుకోండి

నిటారు గడ్డి కప్పుల పాత ఇళ్లకు పేరున్న కొండ ప్రాంతం షిరకవగో. జపాన్ టూర్ ప్యాకేజీల్లో దానికి ఇచ్చేది మహా అయితే రెండు గంటలు. బస్సు దిగడం, గుట్టెక్కి ఫోటో తీసుకోవడం, ఏదో ఒకటి తినడం, మళ్లీ బస్సెక్కడం. మా మొదటి ప్రయాణమూ అలాగే అయింది. పదకొండింటికి దిగేసరికి ఊళ్లో ఊరివాళ్లకంటే మనలాంటివాళ్లే ఎక్కువ ఉన్నారు. జాతరలో దేవుణ్ని చూసినట్టు, ముందువాళ్ల తలల మీదుగా ఇళ్లను చూసి వచ్చేశాం.

రెండోసారి ఒక రాత్రి ఉన్నాం. సాయంత్రం నాలుగు దాటాక టూరిస్టు బస్సులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చీకటి పడే వేళకి వీధిలో మా అడుగుల చప్పుడు, కాలవల్లో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేవు. అందుకే, అక్కడికి ఎలా వెళ్లాలని ఎవరడిగినా నేను బస్సు సంగతి చెప్పను. ముందు పడక సంగతి చెప్తాను.

ఏ ఊరికి వెళ్తున్నారో తేల్చుకోండి

షిరకవగో అనేది ఒక లోయ ప్రాంతం పేరు. మీరు ఫోటోల్లో చూసే ఊరి పేరు ఒగిమాచి. అది గిఫు ప్రిఫెక్చర్ అనే పాలనా ప్రాంతంలో, షో నది ఒడ్డున ఉంది. అదే నది వెంట ఉత్తరానికి వెళ్తే తొయామా ప్రిఫెక్చర్‌లో గొకయామ వస్తుంది. అక్కడ ఐనోకురా, సుగనుమ అని రెండు చిన్న పల్లెలున్నాయి. ఈ మూడూ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ జాబితాకెక్కిన గడ్డి ఇళ్ల లెక్క ఒగిమాచిలో 59, ఐనోకురాలో 20, సుగనుమలో 9. ఈ అంకెలు చూస్తే మూడింటి స్వభావం తెలిసిపోతుంది. ఒగిమాచిలో హోటళ్లు, దుకాణాలు, జనం అన్నీ ఉంటాయి. ఐనోకురాలో నిశ్శబ్దం ఉంటుంది. సుగనుమ అరగంటలో తిరిగేయొచ్చు.

జపాన్ పల్లె మొదటిసారి చూస్తున్నవాళ్లకి ఒగిమాచిలో ఒక రాత్రి, మర్నాడు దారిలో ఐనోకురా సరిపోతుంది. జనమంటే చిరాకు పడేవాళ్లయితే ఆ రాత్రేదో ఐనోకురాలోనే ఉండండి.

ప్లాన్ వెనకనుంచి ముందుకి వేయండి

మనం మామూలుగా ముందు ఫ్లైట్, తర్వాత హోటల్, చివర్లో మిగతావి చూస్తాం. ఇక్కడ అలా చేస్తే దెబ్బ తింటారు. ఈ గడ్డి ఇళ్లలో కొన్నింటిని ఆ ఇంటివాళ్లే మిన్‌షుకులుగా నడుపుతున్నారు. అంటే ఇంటివాళ్లు కింద ఒక పక్క ఉంటూ, నాలుగైదు గదులు అతిథులకిచ్చి, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ పెట్టే పద్ధతి. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. శని, ఆదివారాలకీ, అక్టోబర్ చివరి వారాలకీ, మంచు కాలానికీ నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి పడక దొరికిన తేదీని నడిమధ్యలో మేకులా కొట్టి, మిగతా ప్రయాణాన్ని దాని చుట్టూ కట్టండి. వారం మధ్యలో, మంగళ, బుధవారాల్లో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ.

బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, ధర గదికి కాదు, మనిషికి. ఎక్కువ ఇళ్లలో మనిషికి 10,000 యెన్ల పైనే ఉంటుంది, రెండు పూటల తిండి అందులోనే. రెండు, బాత్రూం, టాయిలెట్ అందరికీ ఉమ్మడి. గదుల మధ్య గోడలు కాదు, కాగితం తలుపులు. పక్క గదిలో గురక మీకు, మీ గురక వాళ్లకు. మూడు, చాలాచోట్ల కార్డు తీసుకోరు, నగదే. దగ్గరి పట్టణాలైన తకయామలోనో కనజావాలోనో ఏటీఎంలో డబ్బు తీసుకుని బయల్దేరండి.

ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కాస్త ఆలోచించండి. కింద కూర్చుని తినాలి, నేల మీద పరుపు మీద పడుకోవాలి, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. అలాంటప్పుడు తకయామలో హోటల్ తీసుకుని పొద్దున్నే మొదటి బస్సుకి ఒగిమాచి వెళ్లండి. తొమ్మిదిన్నర లోపు ఊళ్లో ఉంటే సగం సుఖం దక్కినట్టే.

ఎప్పుడు వెళ్లాలి

ఫోటోలన్నీ మంచులోవే కాబట్టి అందరూ జనవరి, ఫిబ్రవరి అంటారు. అప్పుడు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ మనిషెత్తు మంచు పడే చోటు అది. బస్సులు ఆలస్యమవుతాయి, గుట్ట మీదికెళ్లే కాలిబాట మూసేస్తారు, మామూలు స్పోర్ట్స్ షూస్‌తో నడిస్తే పది అడుగులకోసారి జారతారు. అడుగున పట్టున్న బూట్లు తప్పనిసరి. చూరు కింద మాత్రం నిలబడొద్దు. కప్పు మీది మంచు చెప్పకుండా కిందికి జారుతుంది, దాని బరువు చిన్నది కాదు.

జనవరి, ఫిబ్రవరిలో కొన్ని సాయంత్రాలు ఇళ్లమీద దీపాలు వేసే ‘లైటప్’ ఉంటుంది. దానికి ముందస్తు బుకింగ్ లేకుండా వెళ్తే ఊళ్లోకి అనుమతించరు. అప్పటికప్పుడు వెళ్లి చూసుకుందాం అనుకునే మన అలవాటు అక్కడ పనిచేయదు.

నా ఓటు మే నెలాఖరుకి. నాట్లకు ముందు మడుల్లో నీళ్లు నిండి ఉంటాయి, ఆ నీళ్లలో ఇళ్లు తలకిందులుగా కనిపిస్తాయి. తర్వాతి స్థానం అక్టోబర్ నెలాఖరుకి, కొండలు ఎర్రబడే కాలం. జూన్, జూలైలో వాన.

ఎలా చేరాలి

ఒగిమాచికి రైలు లేదు. బస్సు లేదా కారు. తకయామ నుంచి బస్సులో 50 నిమిషాలు, కనజావా నుంచి గంటంబావు పైన, నగోయా నుంచి దాదాపు మూడు గంటలు. తకయామ నుంచి ఒకవైపు టికెట్ 3,000 యెన్లకు అటూ ఇటూ.

వెళ్లిన దారినే తిరిగి రావద్దు, అటునుంచి అటే దాటండి. నగోయాలో ‘హిడా’ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే రెండున్నర గంటల లోపు తకయామ చేరతారు. అక్కడ పాత వీధులు చూసి, మర్నాడు బస్సులో ఒగిమాచి. ఆ రాత్రి అక్కడే. తర్వాతి రోజు గొకయామ మీదుగా షిన్-తకఓకా స్టేషన్‌కో, నేరుగా కనజావాకో. ఆ రెండు చోట్లనుంచీ టోక్యోకి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఉంది. జపాన్ రైల్ పాస్ ఈ బస్సుల్లో చెల్లదు. టోక్యో షిన్‌కాన్‌సెన్ మినహా ఈ దారికి ‘తకయామ-హొకురికు’ టూరిస్ట్ పాస్ అని ఐదు రోజులది వేరే ఉంది. అందులో రైలుతో పాటు షిరకవగో బస్సు కూడా కలిసి వస్తుంది. మీ రూటు విడి టికెట్ల మొత్తం వేసి, పాస్ ధరతో పోల్చుకుని కొనండి.

బస్సుల్లో కొన్నింటికి సీటు రిజర్వేషన్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. రిజర్వేషన్ ఉన్నదే తీసుకోండి. మొదటిసారి మేం రిజర్వేషన్ లేని బస్సు నమ్ముకుని వరసలో నిలబడ్డాం. మా ముందు ఇద్దరిదాకా ఎక్కించుకుని తలుపు మూసుకుంది. తర్వాతి బస్సు వచ్చేదాకా పడ్డ టెన్షన్ చాలు ఈ జన్మకి.

పెద్ద సూట్‌కేసులు వెంట తీసుకెళ్లొద్దు. జపాన్‌లో సామాను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి పంపే ‘తక్యుబిన్’ సేవ ఉంది. తకయామ హోటల్లో ఇస్తే సాధారణంగా మర్నాటికి కనజావా హోటల్లో ఉంటుంది. మీరు ఒక రాత్రికి సరిపడా బ్యాగు భుజానేసుకుని వెళ్లండి. గులకరాళ్ల దారిలో చక్రాల పెట్టె లాగితే ఊరంతా వినిపిస్తుంది.

తిండి సంగతి ముందే మాట్లాడుకోండి

మాంసం, చేప తినేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు పట్టించి కాల్చిన ఏటి చేప, హిడా బీఫ్, ఎండిన హోబా ఆకు మీద పెట్టి కాల్చే మిసో అనే సోయా ముద్ద, కొండల్లో దొరికే ఆకుకూరల తెంపురా (మన బజ్జీల్లాంటివి), అన్నం. హోబా ఆకు మీద మిసో మాడుతున్నప్పుడు వచ్చే వాసనకి ఇంకో గిన్నె అన్నం అడగబుద్ధేస్తుంది. అడగండి, సంతోషంగా పెడతారు. బీఫ్ తినకపోతే ఆ మాట బుకింగ్‌లోనే చెప్పండి.

శాకాహారులకి మాత్రం కష్టమే. కంటికి చేప కనిపించకపోయినా దాషి ఉంటుంది. ఎండుచేపతో చేసిన ఆ రసం సూపులో, సాసులో, కూర ఉడికించే నీళ్లలో అన్నిట్లో ఉంటుంది. కాబట్టి శాకాహారం అని మాత్రమే చెప్తే చాలదు. “నికు, సకానా, దాషి తబెరరెమసెన్” అని వివరంగా రాయండి. మాంసం, చేప, దాషి తినలేం అని అర్థం. గుడ్డు కూడా వద్దంటే ‘తమాగో’ అనే మాట చేర్చండి. బుక్ చేసేటప్పుడే చెప్పాలి, అక్కడికెళ్లాక కాదు. కొన్ని ఇళ్లవాళ్లు మావల్ల కాదని నిర్మొహమాటంగా చెప్పేస్తారు. అదే మంచిది. వండుతామని చెప్పినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

మన బ్యాగులో కారప్పొడి, వేయించిన పల్లీలు, అటుకులు ఉంటే ధైర్యం. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, మాంసం పచ్చళ్లు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. జపాన్ క్వారంటైన్ వాటిని రానివ్వదు. ఆవకాయ సీసా తీసుకెళ్లినా, పదిమంది కలిసి తినే గదిలో మూత తీసేముందు ఇంటావిడని ఒకమాట అడగండి.

దిగాక ఏది ముందు, ఏది తర్వాత

ముందు బ్యాగు మిన్‌షుకులో పెట్టేయండి. గది మూడింటికి గానీ ఇవ్వకపోయినా, సామాను ఉంచుకోమని అడిగితే చాలామంది ఉంచుకుంటారు. తర్వాత అందరూ గుట్టవైపు వెళ్తుంటే మీరు నదివైపు వెళ్లండి. దేఆయిబాషి అనే 107 మీటర్ల వేలాడే వంతెన దాటితే అవతల మిన్‌కాఎన్ అనే ఓపెన్ ఎయిర్ మ్యూజియం ఉంది. చుట్టుపక్కల ఖాళీ అయిన పల్లెలనుంచి ఇళ్లు విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఎవరూ నివసించని ఇళ్లు కాబట్టి తీరిగ్గా, మొహమాటం లేకుండా చూడొచ్చు.

ఊళ్లో వాదా, కాందా, నగాసె అని మూడు పెద్ద ఇళ్లు టికెట్ పెట్టి చూపిస్తారు. మూడూ చూడక్కర్లేదు. ఒకటి ఎంచుకుని గంట గడపండి. గుట్ట మీది వ్యూపాయింట్ చివరికి ఉంచుకోండి. నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. షటిల్ బస్సు కూడా ఉంది. మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఫోటో కోసం వరస ఉంటుంది. మర్నాడు ఉదయం ఆరున్నరకి ఎవరూ ఉండరు. లోయలో పొగమంచు లేస్తూ ఉంటుంది.

ఇంట్లో ఏం చూడాలి

ఈ ఇళ్ల పద్ధతిని ‘గష్షో జుకురి’ అంటారు. గష్షో అంటే రెండు చేతులు జోడించడం. మన నమస్కారమే. కప్పు రెండు వైపులా నిటారుగా, దాదాపు 60 డిగ్రీల వాలుతో దిగుతుంది. తడిమంచు నిలవకుండా జారిపోవడానికే అంత వాలు.

బయట నిలబడి కొప్పులన్నీ ఏ దిక్కుకి ఉన్నాయో చూడండి. అన్నీ దాదాపు ఒకే దిశలో, నది పారే వరసలో ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. లోయ వెంట వీచే గాలి ఇంటి సన్నని వైపుకి తగులుతుంది, కప్పు రెండు వాలులకీ ఎండ సమానంగా పడి గడ్డి ఆరుతుంది. ఇది తెలిసి చూస్తే ఊరు మొత్తం ఒకే బుర్రతో ఆలోచించినట్టు అనిపిస్తుంది.

లోపలికెళ్లాక తలెత్తండి. కప్పు వాసాలకి మేకులుండవు. గడ్డితాళ్లతో, ‘నెసో’ అనే లేత చెట్టు కొమ్మలతో కట్టేస్తారు. కొమ్మని పచ్చిగా ఉన్నప్పుడు మెలితిప్పి కడితే ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. మంచు బరువుకీ, గాలికీ ఇల్లు కాస్త ఊగుతుందే గానీ విరగదు. కింద నట్టింట్లో ఇరోరి అనే పొయ్యి ఉంటుంది. దాని పొగ పైకెళ్లి తాళ్లకీ గడ్డికీ పట్టి, పురుగు పట్టకుండా, తడి నిలవకుండా కాపాడుతుంది. దూలాలు నల్లగా నిగనిగలాడేది అందుకే. అందుకే పొగలేని ఇల్లు త్వరగా పాడవుతుంది.

పై అంతస్తులు అటకలు. అక్కడ పట్టుపురుగులు పెంచేవాళ్లు. పొయ్యి వేడి పైకి చేరేలా అటక నేలని సందులుండే కర్రలతో వేశారు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుగూళ్ల రైతుల ఇళ్లు చూసినవాళ్లకి ఆ తట్టలు, ఆ అరలు చూడగానే పని అర్థమైపోతుంది. రాళ్లలో పొలం తక్కువ, కాబట్టి ఇంటినే పొలం చేసుకున్నారు. ఆ అటక కోసమే ఇళ్లు అంత ఎత్తు పెరిగాయి.

నేల కింద ఇంకో పంట ఉండేది. పొయ్యి పక్కన గుంట తవ్వి మట్టి, పిచ్చి మొక్కలు, పట్టుపురుగుల పెంట పొరలు పొరలుగా వేసి, కొన్నేళ్లు మాగబెట్టి సురేకారం తీసేవాళ్లు. తుపాకి మందుకి అదే ప్రాణం. గొకయామ అప్పట్లో ‘కాగా’ అనే ప్రాంతపు ప్రభువులైన మయెదా వంశం చేతిలో ఉండేది. బయటివాళ్ల కళ్లుపడని ఆ కొండల్లో ఈ రహస్యపు పని భద్రంగా సాగింది. సుగనుమలో దీనికోసమే ఒక చిన్న మ్యూజియం ఉంది.

కప్పుని 30, 40 ఏళ్లకోసారి కొత్త గడ్డితో కప్పాలి. వంద, రెండొందల మంది ఒకేసారి ఎక్కితే తప్ప ఆ పని కాదు. దీన్ని ‘యుయి’ అంటారు. ఈరోజు మీ కప్పుకి మేం, రేపు మా కప్పుకి మీరు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్లడం లాంటిదే. ఎవరింటినుంచి ఎంతమంది వచ్చారో రాసిపెట్టుకుని తిరిగి తీర్చేవాళ్లు. ఇప్పుడు కాంట్రాక్టుకి ఇచ్చే పనులూ ఉన్నాయనుకోండి.

1961లో ఇదే నది మీద మిబోరో డ్యామ్ వచ్చి పైనున్న పల్లెలు మునిగాయి. మిగతాచోట్ల కూడా ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోతున్నారు. అప్పుడు, 1971లో, ఒగిమాచివాళ్లు సంఘం పెట్టుకుని మూడు మాటలు అనుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, కూల్చం. ప్రభుత్వ గుర్తింపు 1976లో, యునెస్కో ఆ తర్వాత ఎప్పుడో వచ్చాయి.

నిప్పు

ఊళ్లో అన్ని కట్టుబాట్లకీ వెనక ఉన్నది ఒకే భయం, నిప్పు. వీధిలో సిగరెట్, టపాకాయ, ఆరుబయట మంట ఏవీ కుదరవు. డ్రోన్ కూడా నిషేధం. ఊరంతా 59 నీటి గొట్టాలు అక్కడక్కడా చెక్క గూళ్లలో దాచి ఉంటాయి. శరదృతువు చివర్లో వాటిని పరీక్షించే రోజు నీళ్లన్నీ ఒకేసారి ఇళ్ల మీదికి ఎగసి పడతాయి. 2019 నవంబర్‌లో పార్కింగ్ దగ్గరి పాకలు అంటుకున్నప్పుడు ఆ గొట్టాలే విప్పారు. ఊరి ఇళ్లు దక్కాయి. రోజూ వంతులవారీగా ఎవరో ఒకరు నిప్పు జాగ్రత్త అని హెచ్చరిస్తూ ఊరు తిరుగుతారు. రాత్రి ఉంటే ఆ పిలుపు మీకూ వినిపించవచ్చు.

మిగతా మర్యాదలు చెప్పక్కర్లేదు గానీ, మనవాళ్లు తరచూ జారేవి రెండున్నాయి. గుమ్మం తెరిచి ఉంటే అది చూడ్డానికి పెట్టిన ఇల్లనుకుని తల పెట్టేయడం, ఫోటో కోసం వరిమడి గట్టు మీదికి దిగడం. టికెట్ బోర్డు లేని ప్రతి గుమ్మం వెనకా ఒక కుటుంబం అన్నం తింటోందనే అనుకోండి.

మిన్‌షుకులో ఐదింటిలోపు ఉండండి. భోజనం ఆరింటికంటే ఆరింటికే. గుమ్మంలో చెప్పులు విప్పి ఇంటి స్లిప్పర్లు, చాప గదిలోకి అవి కూడా విప్పి ఉత్తి కాళ్లతో, టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లు. ఆ టాయిలెట్ స్లిప్పర్లతోనే భోజనాల గదిలోకి నడిచొచ్చిన ఘనత మా బావగారిది. తొట్టిలో దిగేముందే బయట సబ్బుతో స్నానం ముగించాలి. ఆ నీళ్లు అందరికీ ఒకటే.

మర్నాడు, గొకయామ వైపు

ఉదయం గుట్టెక్కి, టిఫిన్ తిని, షిన్-తకఓకా వైపు వెళ్లే ‘వరల్డ్ హెరిటేజ్ బస్’ ఎక్కండి. దారిలో సుగనుమ, తర్వాత ఐనోకురాగుచి స్టాపులొస్తాయి. ఐనోకురాగుచిలో దిగి ఐదు నిమిషాలు పైకి నడిస్తే పల్లె. కప్పుల మీద పడే ఎండ, వెనక మంచుని అడ్డుకునే అడవి, మధ్యలో కూరగాయల మళ్లు. రెండు గంటలు చాలు. ఒకప్పుడు ఈ ప్రాంతానికి కాగా ప్రభువులు నేరస్తులను పంపేవాళ్లు. పారిపోకుండా నదిమీద వంతెన కట్టనివ్వలేదు. తాడుకి వేలాడే బుట్టలో కూర్చుని దాటేవాళ్లు.

ఇక్కడి తోఫు రుచి చూడండి. తాడుతో కట్టి పట్టుకెళ్లినా విరగనంత గట్టిగా ఉంటుంది, మన పనీర్‌కి దగ్గరి చుట్టం.

ఈ బస్సులు రోజుకి కొన్నే. ఒకటి తప్పితే రెండు గంటలు స్టాపులోనే. ఐనోకురాగుచిలో దిగిన మరుక్షణం పల్లెవైపు తిరక్కుండా, ముందు స్టాపు బోర్డు మీది తిరుగు బస్సుల టైముల్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. చెత్తడబ్బాలు కూడా ఎక్కడా కనపడవు, తిన్న ప్యాకెట్లు బ్యాగులో వేసుకుని స్టేషన్ దాకా మోసుకెళ్లాల్సిందే.